చిన్న రైతుకు ఎలక్ట్రిక్ స్కూటర్ గిట్టుబాటవుతుందా? కరీంనగర్, ఆదిలాబాద్ రైతులు కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ పట్టణాల్లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములు వచ్చాయి. ఊళ్లలో కూడా ఆకుపచ్చ నంబర్ ప్లేటు బండ్లు కనిపిస్తున్నాయి. పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటి చాలా కాలమైంది. దీంతో "కరెంటు బండి కొంటే ఫాయిదా ఉంటుందా?" అని చాలామంది రైతులు అడుగుతున్నారు.

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. బండి రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, రాత్రి ఎక్కడ ఛార్జింగ్ పెడతారు, చెడిపోతే ఎక్కడ బాగుచేయిస్తారు అన్న మూడు విషయాలను బట్టి జవాబు మారుతుంది. ముందుగా సారాంశం చెప్పుకుందాం. 3 యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్ రోజుకు 35 నుంచి 50 కి.మీ. తిరిగే రైతుకు గిట్టుబాటవుతుంది. 20 కి.మీ. లోపు తిరిగేవారికి పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. 55 కి.మీ. దాటి తిరిగేవారికి లాభం ఉన్నా ఛార్జింగ్ చాలక ఇబ్బంది పడే ప్రమాదం ఉంది. ఈ అంకెలు ఎలా వచ్చాయో కింద చూద్దాం.

బ్యాటరీ సైజు అంటే ఏమిటి?

షోరూములో "ఇది 3 కిలోవాట్ అవర్ బ్యాటరీ" అని చెబుతారు. ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు మీటరులో తిరిగే ఒక యూనిట్. అంటే 3 కిలోవాట్ అవర్ బ్యాటరీని 3 యూనిట్ల కరెంటు పట్టే ట్యాంకు అనుకోవచ్చు. ఛార్జింగ్ సమయంలో కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది. అందువల్ల మీటరులో మూడుంబావు నుంచి మూడున్నర యూనిట్ల వరకు తిరుగుతుంది.

టీవీఎస్ ఐక్యూబ్, బజాజ్ చేతక్, ఏథర్ రిజ్తా, హీరో విడా, ఓలా ఎస్1 వంటి బండ్లు ఒక్కోటి రెండు మూడు బ్యాటరీ సైజుల్లో దొరుకుతాయి. ధరలు పోల్చేటప్పుడు బండి పేరు కన్నా ముందు బ్యాటరీ ఎన్ని యూనిట్లదో చూడాలి. ఒకే పేరున్న బండి చిన్న బ్యాటరీతో తక్కువ ధరకు వస్తుంది, కానీ తక్కువ దూరమే పోతుంది.

కిలోమీటరుకు ఖర్చు ఎంత?

పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకుందాం. ఎక్స్‌ఎల్ గానీ, వంద సీసీ బైకు గానీ ఊరి రోడ్ల మీద లీటరుకు 54 కి.మీ. ఇస్తే కిలోమీటరుకు 2 రూపాయలు పడుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ మీటరులో తిరిగే ఒక్కో యూనిట్‌కు సుమారు 25 కి.మీ. నడుస్తుందని లెక్క వేసుకోవచ్చు. యూనిట్ 5 రూపాయలైతే కిలోమీటరుకు 20 పైసలు. అంటే ప్రతి కిలోమీటరుకు రూపాయి 80 పైసలు మిగులుతుంది. షోరూముల్లో చెప్పే లెక్క ఇంతవరకే ఉంటుంది.

కానీ బ్యాటరీకి ఆయుష్షు ఉంటుంది. వారంటీ కొన్ని కంపెనీలు మూడేళ్లు ఇస్తాయి, కొన్ని ఎనిమిదేళ్లు లేదా 80 వేల కి.మీ. వరకు ఇస్తాయి. ఆ తర్వాత కొత్త బ్యాటరీ వేయించాలంటే అర లక్ష దాటుతుంది. ట్రాక్టరు టైర్లకు, మోటరు రివైండింగ్‌కు డబ్బు పక్కన పెట్టుకున్నట్టే దీనికీ ఏటా కొంత పక్కన పెట్టాలి. బ్యాటరీ ఖర్చు 60 వేలు, ఆయుష్షు ఎనిమిదేళ్లు లేదా 80 వేల కి.మీ. (ఏది ముందైతే అది), ఏడాదికి 300 రోజులు బండి నడుస్తుంది అనుకుని లెక్క వేస్తే ఇలా వస్తుంది:

- రోజుకు 10 కి.మీ.: పెట్రోలు మీద ఏడాదికి మిగిలేది 5,400. బ్యాటరీకి పక్కన పెట్టాల్సింది 7,500. అంటే 2,100 నష్టం.
- రోజుకు 20 కి.మీ.: మిగిలేది 10,800. బ్యాటరీకి 7,500. చేతికి వచ్చేది 3,300.
- రోజుకు 40 కి.మీ.: మిగిలేది 21,600. బ్యాటరీకి 9,000. చేతికి వచ్చేది 12,600.
- రోజుకు 60 కి.మీ.: మిగిలేది 32,400. బ్యాటరీకి 13,500. చేతికి వచ్చేది 18,900.

ఇప్పుడు కొనుగోలు ధర చూద్దాం. 3 యూనిట్ల స్కూటర్ వంద సీసీ బైకు కన్నా 30 వేలు ఎక్కువ పడిందనుకోండి. రోజుకు 40 కి.మీ. తిరిగే రైతుకు ఆ తేడా రెండున్నర ఏళ్లలో తిరిగి వస్తుంది. 20 కి.మీ. తిరిగే రైతుకు తొమ్మిదేళ్లు పడుతుంది. ఎక్స్‌ఎల్‌తో పోలిస్తే తేడా 60 వేల దాకా ఉండొచ్చు. అప్పుడు 40 కి.మీ. తిరిగినా దాదాపు ఐదేళ్లు ఆగాలి.

మీ ఊళ్లో పెట్రోలు ధర, షోరూము చెప్పిన ధర, కంపెనీ చెప్పిన బ్యాటరీ ధర ఈ లెక్కలో వేసుకుని మీ అంకె మీరు తీయండి. పద్ధతి మాత్రం ఇదే.

నడుస్తున్న బండిని అమ్మి కొనొద్దు

పై లెక్క కొత్త బండి ఎలాగూ కొనాల్సి ఉన్నవారికి. ఇంట్లో బాగా నడుస్తున్న బైకు ఉంటే లెక్క వేరు. పాత బండి అమ్మితే 25, 30 వేలు వస్తాయి. స్కూటర్‌కు లక్షా ఇరవై వేలు పెట్టాలి. అంటే 90 వేలు కొత్తగా పెట్టుబడి. రోజుకు 40 కి.మీ. తిరిగినా అది రాబట్టడానికి ఏడేళ్లు దాటుతుంది. పాత బండి పూర్తిగా అరిగి, మార్చక తప్పని రోజు వచ్చినప్పుడే ఆలోచించడం మంచిది.

కిస్తీ లెక్క మరచిపోవద్దు

లక్ష రూపాయలు 12 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పుగా తీసుకుంటే నెలకు సుమారు 3,320 రూపాయల కిస్తీ పడుతుంది. మొత్తం కట్టేది 1,19,500 దాటుతుంది. అంటే వడ్డీయే 19 వేలకు పైన.

పెట్రోలు ఖర్చుకు ఒక సౌలభ్యం ఉంది. చేతిలో డబ్బు లేని రోజు బండి తీయకుండా ఉండవచ్చు. కిస్తీ అలా ఆగదు. పత్తి రైతుకు డబ్బు వచ్చేది దీపావళి తర్వాత, వరి రైతుకు వానాకాలం, యాసంగి కోతల తర్వాత. జూన్ నుంచి సెప్టెంబరు వరకు విత్తనాలు, ఎరువులు, కూలీలకే చేతి డబ్బు సరిపోదు. ఆ నాలుగు నెలల కిస్తీలు, సుమారు 13 వేలు, ఎక్కడి నుంచి తెస్తారో ముందే చూసుకోవాలి. పాల బిల్లు, కూరగాయల అమ్మకం, ఇంట్లో ఒకరి జీతం లాంటి నెలనెలా వచ్చే ఆదాయం ఉన్నవారికి కిస్తీ భారం కాదు. పంట మీదే ఆధారపడినవారు పంట డబ్బు చేతికొచ్చాక ఎక్కువ మొత్తం ముందే కట్టి, తక్కువ అప్పుతో కొనడం మేలు.

గృహజ్యోతి ఉన్న ఇళ్లు: 200 యూనిట్ల గీత

తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తోంది. ఈ ఇళ్లకు స్కూటర్ ఛార్జింగ్ ఉచితంగా పడుతుంది. అయితే 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. దాటిన యూనిట్లకు మాత్రమే అనుకోవడం పొరపాటు.

నెలకు 1,000 కి.మీ. తిరిగితే స్కూటర్‌కు 40 యూనిట్లు పడతాయి. 500 కి.మీ. అయితే 20 యూనిట్లు. మీ ఇంటి వాడకం నెలకు 120 యూనిట్లు ఉంటే స్కూటర్ కలిపినా 160. ఇబ్బంది లేదు. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ నడిచి 175 యూనిట్లు వచ్చే ఇల్లయితే స్కూటర్‌తో 215 అవుతుంది. అప్పుడు 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున 1,020, పైన 15 యూనిట్లకు 7.70 చొప్పున 115 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం వీటికి అదనం. ఇంతకుముందు జీరో బిల్లు వచ్చిన ఇంటికి ఒక్కసారిగా 1,100 దాటిన బిల్లు వస్తుంది.

గృహజ్యోతి లేని ఇళ్లకూ 200 యూనిట్ల గీత ముఖ్యమే. 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్లు 3.40కి, తర్వాతి వంద 4.80కి పడతాయి. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 లెక్క కడతారు.

కాబట్టి కొనే ముందు గత ఏడాది బిల్లులు తీసి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన నెల చూడండి. అందులో 40 కలిపి 200 దాటుతుందేమో లెక్క వేయండి. దాటేది వేసవి రెండు నెలలే అయితే ఆ రెండు నెలలు బండి వాడకం తగ్గించుకోవచ్చు.

బావి దగ్గర మోటరు కరెంటుతో ఛార్జింగ్ పెట్టకూడదు

వ్యవసాయ కనెక్షన్‌కు కరెంటు ఉచితం కదా, బాయికాడ స్టార్టరు డబ్బా నుంచి తీగ లాగి ఛార్జింగ్ పెడదామన్న ఆలోచన కొందరికి వస్తుంది. రెండు కారణాల వల్ల ఇది వద్దు. మొదటిది, ఆ కరెంటు పంపుసెట్టు కోసం ఇచ్చింది. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగం కింద రెట్టింపు ధరతో లెక్క కట్టి వసూలు చేస్తారు. రెండోది ప్రాణానికి సంబంధించింది. బావుల దగ్గర సరైన ఎర్తింగ్ ఉండదు, నేల తడిగా ఉంటుంది, ఓల్టేజీ ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంది. ఛార్జరు కాలిపోతుంది, మనిషికి షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది.

పత్తి ఉన్న గదిలో ఛార్జింగ్ వద్దే వద్దు

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. ఆ ఏడాది దేశంలో ఇలాంటి ప్రమాదాలు వరుసగా జరగడంతో కేంద్రం ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. మొదటి విడత నిబంధనలు 2022 డిసెంబరు 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. కొత్త బండి కొన్నా, పాత బండి కొన్నా ఈ తేదీల తర్వాత తయారైందో లేదో చూడాలి.

ప్రమాణాలు పెరిగినా జాగ్రత్త మనదే. ఆదిలాబాద్ ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏరిన పత్తిని ధర కోసం ఇంట్లోనే నిల్వ పెడతారు. ముందు గది నిండా పత్తి, పక్కనే బండి, గోడకు ప్లగ్గు ఉండే ఇళ్లు ఎన్నో. ఒక్క నిప్పురవ్వ పడినా ఏడాది కష్టం, ఇల్లు, మనుషులు అన్నీ ప్రమాదంలో పడతాయి. కరీంనగర్ వైపు గడ్డివాము పక్కన, కొట్టంలో బండి పెట్టేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఛార్జింగ్ విషయంలో ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

- పత్తి, గడ్డి, పురుగుమందులు, పెట్రోలు, గ్యాస్ సిలిండరు ఉన్న చోట ఛార్జింగ్ పెట్టవద్దు. వాన పడని వరండా, గాలి ఆడే రేకుల షెడ్డు మంచివి.
- ఇంట్లోంచి బయటికి వెళ్లే ఏకైక దారికి అడ్డంగా బండి పెట్టి ఛార్జింగ్ చేయవద్దు. మంట వస్తే లోపలివారు బయటికి రాలేరు.
- పడుకున్న మంచం పక్కన, పిల్లలు నిద్రపోయే గదిలో విడి బ్యాటరీని ఛార్జింగ్ పెట్టవద్దు.
- ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడిగా ఎంసీబీ పెట్టించండి. షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ కూడా పెట్టిస్తే మంచిది. ఎక్స్‌టెన్షన్ బాక్సు, అతికిన తీగలు వాడవద్దు.
- కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. వేరే బండి ఛార్జరు పిన్ను సరిపోయినా పెట్టవద్దు.
- వడ్ల బస్తాలు ఉన్న ఇంట్లో ఎలుకలు తీగలు కొరుకుతాయి. ఛార్జరు తీగను, బండి కింది వైర్లను వారానికోసారి చూసుకోండి.
- పొగ గానీ, ఘాటైన వాసన గానీ వస్తే బండిని లాగే ప్రయత్నం చేయవద్దు. అందితే మెయిన్ ఆపి, అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేయండి.

కంపెనీ చెప్పే దూరం, ఊరి రోడ్డు మీద వచ్చే దూరం

కంపెనీ 120 కి.మీ. అని చెప్పిందంటే అది పరీక్షా కేంద్రంలో తేలిన దూరం. ఇద్దరు కూర్చుని, గతుకుల రోడ్డు మీద, మూట పెట్టుకుని వెళితే అందులో మూడింట రెండు వంతులు, అంటే 80 కి.మీ. వస్తుందనుకోవాలి. బ్యాటరీని పూర్తిగా సున్నాకు తేకూడదు కనుక 20 శాతం వదిలితే 64 కి.మీ. నాలుగైదేళ్ల వాడకం తర్వాత బ్యాటరీ బలం తగ్గుతుంది. అప్పుడు 50 కి.మీ. నమ్మకంగా వస్తే చాలు. మొదట్లో చెప్పిన 50 కి.మీ. గీత ఇక్కడి నుంచే వచ్చింది.

ఈ లెక్కన చొప్పదండి నుంచి కరీంనగర్‌కు రోజూ వచ్చిపోయేవారికి రానుపోను 40 కి.మీ. అటూఇటూ పడుతుంది కనుక సరిపోతుంది. మానకొండూరు, తిమ్మాపూర్ నుంచి వచ్చేవారికి ఇంకా సులువు. జమ్మికుంట నుంచి కరీంనగర్ వచ్చి వెళ్లడానికి మాత్రం ఒక్క ఛార్జింగ్ చాలదు. ఆదిలాబాద్ వైపు జైనథ్, గుడిహత్నూర్ నుంచి పట్టణానికి వచ్చిపోవచ్చు. ఆదిలాబాద్ నుంచి ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు వెళ్లి రావాలంటే వంద కి.మీ. దాటుతుంది. దారిలో ఎత్తుపల్లాలూ ఉన్నాయి. అలాంటి ప్రయాణానికి ఈ బండిని నమ్ముకోవద్దు. కెరమెరి ఘాట్, నిర్మల్ దారిలోని మహబూబ్ ఘాట్ లాంటి ఎక్కుడు రోడ్ల మీద బ్యాటరీ మామూలు కన్నా వేగంగా దిగిపోతుంది.

హైవే మీద కార్ల కోసం పెట్టిన ఛార్జింగ్ కేంద్రాల పిన్ను చాలా స్కూటర్లకు సరిపోదు. అందుకే ఇంట్లో పెట్టిన ఛార్జింగ్‌తోనే రోజు గడవాలని లెక్క వేసుకోండి.

చలి, ఎండ, వాన

రాష్ట్రంలో చలి ఎక్కువగా ఉండేది ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే. డిసెంబరు, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. చలికి బ్యాటరీ కొంత నీరసిస్తుంది. తెల్లవారుజామున పాలు తీసుకుని బయల్దేరేవారికి రోజూ కన్నా దూరం తగ్గినట్టు కనిపిస్తుంది. ఇది చెడిపోవడం కాదు. చలికాలంలో బండి తిరిగి వచ్చిన వెంటనే, బ్యాటరీ కాస్త వెచ్చగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టవచ్చు.

వేసవిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. మే నెలలో 45 డిగ్రీల ఎండలో తిరిగి వచ్చిన బండికి గంటసేపు నీడలో విశ్రాంతి ఇచ్చాకే ఛార్జింగ్ పెట్టాలి. పొలం గట్టున చెట్టు నీడ లేకుండా రోజంతా ఎండలో వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

వానకు తడిస్తే ఏమీ కాదు. బ్యాటరీకి ఐపీ67 ముద్ర ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా నీరు లోపలికి పోకూడదని అర్థం. కానీ ఆ ముద్ర బ్యాటరీకే, బండి మొత్తానికి కాదు. పొంగే ఒర్రె, వాగు దాటడానికి దాన్ని నమ్మవద్దు. వరద నీళ్లలో మునిగిన బండిని ఆన్ చేయవద్దు, ఛార్జింగ్ పెట్టవద్దు. నేరుగా సర్వీసు కేంద్రానికి చేర్చాలి. నల్ల రేగడి బురద మరో ఇబ్బంది. స్కూటర్ చక్రాలు చిన్నవి, మడ్‌గార్డు సందు తక్కువ. వానాకాలంలో చేను దాకా వెళ్లే దారి బురదైతే ఎక్స్‌ఎల్, బైకు వెళ్లినట్టు స్కూటర్ వెళ్లదు.

ఎంత బరువు మోస్తుంది?

చాలా స్కూటర్లు మనిషితో కలిపి సుమారు 150 కిలోల వరకు మోస్తాయి. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. నడిపేవారు 65 కిలోలు, ఒక యూరియా బస్తా 45 కిలోలు కలిపితే 110. ఇది ఫర్వాలేదు. వెనక ఇంకొకరు కూర్చుంటే 165 దాటుతుంది. రెండు బస్తాలు, ముందొకటి వెనకొకటి పెట్టుకుని ఎక్స్‌ఎల్ మీద వెళ్లే అలవాటు దీనికి పనికిరాదు. కాళ్లు పెట్టే చోటు చదునుగా, వెడల్పుగా ఉన్న మోడల్ చూసుకుంటే బస్తా, పాల క్యాను, స్ప్రేయరు పెట్టుకోవచ్చు. షోరూములో టెస్ట్ రైడ్ అడిగినప్పుడు వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, ఎత్తు ఉన్న రోడ్డు మీద నడిపి చూడండి.

సబ్సిడీ, పన్ను మినహాయింపు

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. ఇది 2026 డిసెంబరు 31 వరకు వర్తించేలా ఉత్తర్వులిచ్చింది. తెలంగాణలో కొని, ఇక్కడే రిజిస్ట్రేషన్ చేయించిన బండికే ఇది వర్తిస్తుంది. బేల, జైనథ్ వైపు రైతులు తక్కువ ధర అని మహారాష్ట్రలో కొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. షోరూము ఇచ్చే కొటేషన్‌లో రోడ్డు పన్ను పేరుతో ఏదైనా రాసి ఉంటే అడగండి.

కేంద్ర సబ్సిడీ మాత్రం తగ్గుతూ వచ్చింది. 2023 మే వరకు బ్యాటరీ యూనిట్‌కు 15 వేల చొప్పున ఇచ్చేవారు. జూన్ నుంచి అది 10 వేలైంది. 2024 ఏప్రిల్ నుంచి 5 వేలు, 2025 ఏప్రిల్ నుంచి 2,500 మాత్రమే, అదీ బండికి 5 వేలు మించకుండా. కాబట్టి మూడేళ్ల క్రితం మీ బంధువులు కొన్న ధర మనసులో పెట్టుకుని షోరూముకు వెళ్లవద్దు. మరోవైపు 350 సీసీ లోపు పెట్రోలు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. రెండు రకాల బండ్ల ధరల మధ్య తేడా కొంత పెరిగింది. ఈ రోజు ధరలతోనే లెక్క వేయాలి.

లైసెన్సు అక్కర్లేదనే చిన్న బండ్లు

మోటరు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉన్న బండ్లకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. తక్కువ ధర చూసి చాలామంది ఇవి కొంటున్నారు. ఊళ్లోనే తిరిగే పెద్దవాళ్లకు ఇవి సరిపోతాయి. కానీ కొందరు అమ్మకందారులు "ఇది 45 స్పీడు పోతుంది, అయినా కాగితాలు అవసరం లేదు" అంటారు. అది నిజం కాదు. 25 దాటి పోయే బండికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ ఉండాలి. లేకుండా రోడ్డు మీద ప్రమాదం జరిగితే నష్టపరిహారం మొత్తం మీ నెత్తినే పడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న బండి చవకగా వచ్చినా దాని బ్యాటరీ లిథియం కన్నా చాలా ముందే మార్చాల్సి వస్తుంది.

చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?

పంక్చరు, బ్రేకులు, టైర్లు ఊరి మెకానిక్ చూసుకుంటాడు. మోటరు, కంట్రోలరు, బ్యాటరీ, డిస్‌ప్లే సమస్యలు మాత్రం కంపెనీ సర్వీసు కేంద్రంలోనే బాగవుతాయి. 2024 అక్టోబరులో ఒక పెద్ద ఎలక్ట్రిక్ స్కూటర్ కంపెనీకి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. ఏడాదిలో పది వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయన్నది దానికి కారణం. అందుకే బండి ఎంత బాగుందో చూడటంతో పాటు సర్వీసు ఎలా ఉందో చూడాలి.

షోరూముకు కాకుండా, దాని వెనక సర్వీసు షెడ్డుకు ఒకసారి వెళ్లండి. రిపేరుకు వచ్చిన బండ్లు ఎన్ని రోజుల నుంచి ఉన్నాయో అక్కడికి వచ్చినవారిని అడగండి. మీ మండలంలో అదే బండి వాడుతున్న ఇద్దరితో మాట్లాడండి. మీ ఊరి నుంచి సర్వీసు కేంద్రం 40 కి.మీ. దాటితే, ఆగిపోయిన బండిని ట్రాలీలో తేవడానికే కిరాయి వెయ్యి రూపాయలు దాటవచ్చు. వారంటీ ఉన్నా న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు, జాబ్ కార్డు, వారంటీ కాగితం దాచుకోండి.

పాత ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేవారు బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీసు కేంద్రంలో చూపించి, వారంటీ మీ పేరు మీదికి మారుతుందా అని అడిగాకే బేరం ఆడాలి.

ఎవరికి బాగుంటుంది, ఎవరు ఆగాలి?

బాగుండేది: పట్టణంలో ఇంటింటికీ పాలు పోసే రైతుకు, రైతుబజారుకు ఆకుకూరలు, కూరగాయలు రోజూ తెచ్చే కుటుంబానికి, పొలం చూసుకుంటూ పట్టణంలో ఉద్యోగానికి వెళ్లేవారికి, రోజూ కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇంటికి. వీరందరి దారి ఒకటే, దూరం తెలిసినదే, రాత్రికి బండి ఇంటికి వస్తుంది. ఇంట్లో మరో పెట్రోలు బండి ఉంటే ఇంకా మంచిది.

ఆగాల్సింది: ఊళ్లోని పాల కేంద్రంలోనే పాలు పోసి, చేనుకు, ఇంటికి మధ్య నాలుగైదు కి.మీ. తిరిగే రైతు. ఇతనికి ఖర్చే తక్కువ కనుక పొదుపూ తక్కువే. అడవి గూడేల్లో, గాలివానకు రెండు మూడు రోజులు కరెంటు పోయే చోట, ఇంటికి ఒకే బండి ఉన్నవారు కూడా ఆగాలి. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే బండిలో ఛార్జింగ్ లేదని ఆగలేం. పత్తి నిల్వకు దూరంగా ఛార్జింగ్ పెట్టే చోటు లేని ఇల్లు కూడా ముందు ఆ చోటు ఏర్పాటు చేసుకోవాలి.

కొనే ముందు పదిహేను రోజుల పని

ఇప్పుడు ఉన్న బండి మీటరు రీడింగ్ రోజూ రాత్రి ఒక కాగితం మీద రాయండి. ఎక్కడికి వెళ్లారో, ఏం బరువు మోశారో పక్కన రాయండి. పదిహేను రోజుల తర్వాత ఈ ప్రశ్నలకు జవాబు చూసుకోండి:

- సగటున రోజుకు 35 కి.మీ. దాటుతోందా?
- ఎక్కువ తిరిగిన రోజు కూడా 50 కి.మీ. లోపే ఉందా? దాటిన రోజులు ఎన్ని?
- వేసవి కరెంటు బిల్లుకు 40 యూనిట్లు కలిపితే 200 దాటుతుందా?
- పత్తికి, గడ్డికి దూరంగా, ఎర్తింగ్ ఉన్న సాకెట్టు ఉందా?
- సర్వీసు కేంద్రం 40 కి.మీ. లోపు ఉందా?
- పంట డబ్బు రాని నెలల్లో కిస్తీ కట్టే దారి ఉందా?

అన్నిటికీ జవాబు అనుకూలంగా ఉంటే ధైర్యంగా కొనవచ్చు. ఛార్జింగ్ చోటు, కిస్తీ ఈ రెండింటిలో ఏ ఒక్కదానికి జవాబు కుదరకపోయినా ఇప్పుడు కొనవద్దు. మిగతావాటిలో ఒకటి తేడా వస్తే మీ అంకెలతో లెక్క మళ్లీ వేసి చూడండి. కొన్న తర్వాత పంట పనుల్లో నెల రోజులు బండి తీయకపోతే బ్యాటరీని సగం ఛార్జింగ్‌లో ఉంచి, నెలకోసారి చూసుకోండి. సున్నాకు దిగి నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు, అలాంటిదానికి వారంటీ కూడా వర్తించకపోవచ్చు.